ఉమ్ము లేని నాలుక

ఆ ప్రయోగశాలలో రెండు నాలుకలు ఉన్నాయి. ఒకటి యంత్రం. ఐదు సన్నని కడ్డీలు, వాటికి తీగలు, పక్కన ఒక తెర. కషాయంలో ముంచితే అర నిమిషంలో తీపి ఎంత, పులుపు ఎంత, ఉప్పు ఎంత, చేదు ఎంత, పేరు నోరు తిరగని ఆ ఐదో రుచి ఎంత అని అంకెలు చూపిస్తుంది. రెండోది మనిషి. రుచుల గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ పెద్దనాలుక అనేవాళ్లు. ఎదురుగానే అనేవాళ్లు, ఆమెకూ పట్టింపు లేదు. యంత్రం వచ్చిన రోజే దానికి కొండనాలుక అని పేరు పెట్టేసింది.

మూలికలతో మందులు చేసే కంపెనీలన్నింటికీ ఈ ప్రయోగశాల నుంచి ఒక రిపోర్టు వెళ్లాలి. ఆ మంగళవారం సాయంత్రమే గడువు. రిపోర్టులో చివరి వాక్యం ఇది: "రెండు బెరళ్లకూ రుచిలో తేడా లేదు." దాని కింద రెండు సంతకాలు కావాలి. యంత్రం తరఫున ఆపరేటరు పొద్దున్నే గీకేశాడు. రెండో సంతకం పెద్దనాలుకది. ఆమె కలం మూత కూడా తీయలేదు.

ఆ రెండు బెరళ్లలో ఒకటి ఆమె మేనత్త ఇచ్చింది. విరేచనాలకూ మానని పుండ్లకూ కషాయం కాచి ఇవ్వడం మేనత్త పని. రెండోది అదే పేరుతో బజారులో అమ్ముడయ్యే దొంగ బెరడు. రంగు అదే, వాసన అదే, చేదు కూడా అంతే. రోగం దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. తేడా అంతా వగరులో ఉందని, దొంగదానికి అది లేదని మేనత్త అంటుంది, పెద్దనాలుక నోటికీ అదే తెలుస్తోంది. ఆ వాక్యం అచ్చయిందంటే దొంగ బెరడు దర్జాగా సీసాల్లోకి ఎక్కుతుంది. మేనత్త నలభై ఏళ్లుగా నాలుకతో నేర్చుకున్నదంతా వట్టి భ్రమ అయి కూర్చుంటుంది. ఆ భ్రమ కింద మేనకోడలి సంతకం ఉంటుంది. తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

వచ్చిన చిక్కల్లా ఫారంలో ఉంది. అందులో ఐదే గడులు. వగరుకు గడి లేదు. ముప్ఫై ఒక్కసార్లు రుచి చూసింది, ముప్ఫై ఒక్కసార్లూ ఐదింటి కింద కలంతో ఆరో గడి గీసి అందులో వగరు అని రాసింది. టైపు చేసిన కాపీ వచ్చేసరికి ప్రతిసారీ ఆ గడి మాయమయ్యేది. మొదట పొరపాటనుకుంది. పదోసారికి పొరపాటు కాదని అర్థమైంది. ఆ తర్వాత గడిని మరింత పెద్దగా, స్కేలు పెట్టి మరీ గీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పెద్దసారు రుచుల గదికి వచ్చాడు. ప్రయోగశాలకు అధిపతి. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే ఆమె పని ఇంకా సులువయ్యేది. తెర మీద కనిపించనిది లోకంలో లేదనుకునే మనిషి, అంతే. గది మూల స్టూలు మీద మేనత్త సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బెరడు తనదేనని ఒక కాగితం మీద సంతకం చేయడానికి పిలిపించారు.

"చూడమ్మా, వగరనేది రుచి కాదు," అన్నాడు పెద్దసారు నింపాదిగా. "నోరు పట్టేసినట్టు అనిపిస్తుందే, అది స్పర్శ. కారం కూడా అంతే, మంట. శాస్త్రంలో రుచులు ఐదే."

"నాలిక మీద కాక మరి అరికాలి మీద తెలుస్తాయా నాయనా అవి?" అంది మేనత్త.

ఆపరేటరు దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు ఆపుకున్నాడు. పెద్దసారు ఆమె వైపు చూడకుండానే, "మామ్మగారూ, మీ అనుభవాన్ని మేం కాదనడం లేదు. యంత్రానికి తేడా తెలియలేదు, అదే రాస్తున్నాం," అన్నాడు.

"అయితే యంత్రానికి తెలియలేదనే రాయండి సార్," అంది పెద్దనాలుక. "తేడా లేదని మాత్రం నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే ఈ గదిలో మీ అవసరం ఏముందని పైవాళ్లు అడుగుతారు. నేనేం చెప్పాలి?"

ఆమెకు ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని బుకాయించడం ఎందుకు. కానీ ఆ భయం కన్నా కోపం నాలుగు మెట్లు పైన ఉంది. ఈ బెరడు పట్టుకుని మేనత్త ఇలాంటి గదులకు ఇదివరకు మూడుసార్లు వెళ్లింది. ఒకచోట నవ్వారు. ఒకచోట అక్కడ పెట్టి వెళ్లమన్నారు. ఇంకోచోట మంచినీళ్లిచ్చి పంపేశారు. ఇది నాలుగోది.

"ఏమీ చెప్పకండి. నన్ను అడగమనండి, నేనే చెప్తాను," అంది.

మేనత్త ఈలోగా లేచి యంత్రం దగ్గరికి వెళ్లింది. కడ్డీలను ఒక్కొక్కటిగా చూసింది. కిందికి వంగి చూసింది.

"ఏమే, దీనికి ఉమ్ముందా?"

"ఏంటత్తా?"

"ఉమ్మే. నోరెండిపోయినవాడికి ఏ రుచీ సరిగ్గా తెలియదు. వగరు అసలే తెలియదు. ఉమ్ములో ఉన్న జిగటను పట్టి లాగేదే వగరంటే. ఇది పొడి నాలిక కదా, పాపం, దానిదేం తప్పు."

పెద్దసారు నవ్వాడు. పెద్దనాలుక నవ్వలేదు. ఆమెకు సింకు గుర్తొచ్చింది. రుచి చూసినవాళ్లు కషాయం మింగకూడదు, పక్కనున్న గ్లాసులోకి ఉమ్మేయాలి, అదీ ఇక్కడి నియమం. కొన్ని గ్లాసుల అడుగున తెల్లటి తరకలు చేరడం ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఏవో నలకలనుకుని ప్రతిసారీ కుళాయి కింద పెట్టి కడిగేసింది. సాక్ష్యాన్నంతా తన చేత్తోనే పారబోసుకుంది. ఆమెకు సిగ్గేసింది. తర్వాత ఉత్సాహం వచ్చింది.

"సార్, మీరే రెండు గ్లాసుల్లో రెండు కషాయాలు పోయండి. వడగట్టినవే. ఏది ఏదో మాకెవరికీ చెప్పకండి."

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. ఎలాగూ ఇదే చివరి గొడవ అనుకున్నట్టున్నాడు, అటు తిరిగి పోశాడు. గ్లాసుల మీద 417 అనీ 652 అనీ రాసి, ఏది ఏదో చీటీలో రాసి జేబులో పెట్టుకున్నాడు. రెండింట్లోనూ అద్దంలా తేరుకున్న ఎర్రటి నీళ్లు.

పెద్దనాలుక మొదటి గ్లాసు ఎత్తి, పెద్దసారు కళ్లలోకి సూటిగా చూస్తూ, అందులో ఉమ్మింది. తర్వాత రెండోదాంట్లో. మొహాన ఉమ్మినట్టే ఉందని ఆపరేటరు తర్వాత అందరికీ చెప్పాడు. ఆమెకు మాత్రం పదకొండేళ్లలో చేసిన పనులన్నింట్లోకీ అదే శుభ్రమైన పని అనిపించింది.

రెండు గ్లాసులనూ గాజుకడ్డీతో కలిపింది. 417లో నాలుగు బుడగలు తేలి పగిలిపోయాయి, నీళ్లు తేటగానే ఉన్నాయి. 652లో మసక కమ్మింది. చూస్తుండగానే చిక్కబడింది, తెల్లటి తరకలు మెల్లగా అడుగుకు దిగాయి. ఆపరేటరు ఎవరూ చెప్పకుండానే మసక కొలిచే మీటరు తెచ్చి రెండింటినీ కొలిచాడు. ఒకదానికి మూడు. ఇంకోదానికి నూట తొంభై.

"652 మాది," అంది మేనత్త, స్టూలు మీదికి తిరిగి వెళ్లి కూర్చుంటూ. పెద్దసారు జేబులోంచి చీటీ తీసి చూసుకున్నాడు. మేనత్త చెప్పిందే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసరికి ఆయన గొంతు మారిపోయింది.

"దీన్ని రిపోర్టులో ఏమని రాయాలి? లాలాజలంలోని మాంసకృత్తుల..."

"దానికి పేరుంది సార్," అంది పెద్దనాలుక. కలం మూత తీసి, ఆ చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. ఐదు గడుల కింద స్కేలు పెట్టి ఆరోది గీసి, అందులో వగరు అని రాసి, పక్కన 190 వేసింది. ఆపైన సంతకం పెట్టింది. "ఈసారి టైపులో ఇది పోతే, చెరిపిందెవరో పైవాళ్లకు నేనే ఉత్తరం రాస్తాను."

పెద్దసారు 652 గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఒక్కరి లాలాజలంతో చేస్తే లెక్కలోకి రాదు. ఇంకో మనిషిది కూడా కావాలి," అని గొణిగాడు.

మేనత్త సంచి కింద పెట్టి లేచి వచ్చింది. ఆయన చేతిలోని గ్లాసు కిందికి దింపి, బల్ల మీదున్న కొత్త గ్లాసు తీసుకుంది.

"నాది తీసుకో నాయనా," అంది. "నలభై ఏళ్ల నుంచి దిగమింగుకుంటూనే ఉన్నాను."