ఎర్ర జుట్టు సిపాయిలు

మా శివకృష్ణ బావ చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. సెలవు దొరికితే మిగతావాళ్లలా సినిమాకు పోడు. కిరాయి గదిలో స్నేహితులతో కలిసి యుద్ధం ఆడతాడు. రెండు బల్లలు జతచేసి, కింద పుస్తకాలు పెట్టి గుట్టలు లేపి, మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, దానిపై వేలెడంత సిపాయి బొమ్మలను రెండు పక్షాలుగా నిలబెడతారు. పాచికలు వేస్తారు, టేపుతో కొలిచి ముందుకు జరుపుతారు. వాళ్లు ఆడేది జపాన్ యుద్ధం. నూట యాభై ఏళ్ల కిందట ఆ దేశంలో వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారట. ఒక పక్క చక్రవర్తి మనుషులు, ఇంకో పక్క షోగన్ అనే సేనాపతి మనుషులు. ఎవరో విదేశీయులు ఈ ఆట ఆడుతుంటే ఫోన్‌లో చూసి బావకు పిచ్చి పట్టింది.

ఆ కాలపు జపాన్ సిపాయిలు ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకరు. అందుకని బావ జాతరలో అమ్మే ప్లాస్టిక్ సిపాయిలను సంచీ నిండా కొని, మా ఊరికి తెచ్చి నా ముందు గుమ్మరించాడు.

"నీ వేళ్లు సన్నగున్నయి మల్లికా. గీళ్లను జర జపానోళ్లను చెయ్యి" అన్నాడు.

నేను మనుషులతో పెద్దగా మాట్లాడను. క్లాసులో హాజరు పలికినా సార్‌కు వినిపించదు. ఇది ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. సరేనన్నాను.

బావ పంపిన ఫొటోలు చూసి నేర్చుకున్నాను. ముందు సిపాయి తల కోసేయాలి. ఇనుప టోపీ ఉన్న తల జపాన్ వాళ్లకు పనికిరాదు. టోపీని బ్లేడుతో చెక్కి, గుండ్రం చేసి, మళ్లీ అతికించాలి. ఒట్టి జిగురుతో మెడ నిలవదు, పాచిక తగిలినా ఊడిపోతుంది. అందుకని గుండుసూదిని దీపం మీద కాల్చి మొండెంలో దింపి, పైకి ఉన్న కొసకు తల గుచ్చాలి. నడుముకు కత్తి కావాలి. స్టేప్లర్ పిన్ను సాగదీసి, రాయితో కొట్టి చదును చేస్తే కత్తి. పంట్లాం వెడల్పుగా ఉండాలంటే నీళ్ల పైపులకు పూసే ఎంసీల్ ముద్ద కలిపి, గట్టిపడకముందే తడి పుల్లతో మడతలు గీయాలి.

అన్నిటికన్నా కష్టం జుట్టు. చక్రవర్తి పక్షపు అధికారులు కొందరు భుజాల దాకా వేలాడే జుట్టు టోపీలు పెట్టుకునేవాళ్లు. ఒక ప్రాంతం వాళ్లవి ఎర్రవి, ఒకరివి తెల్లవి, ఒకరివి నల్లవి. అవి ఏదో చలి కొండల్లో తిరిగే పశువు వెంట్రుకలతో చేసినవని బావ చెప్పాడు. మాకు గుర్వమ్మ పెద్దమ్మ మేకలు ఉన్నాయి.

గుర్వమ్మ పెద్దమ్మ అంటే మా బాపు అన్న భార్య. పెదనాయిన పోయినప్పటి నుంచి మా వెనక వాడలో ఒక్కతే ఉంటుంది, మేకలను కాసుకుంటుంది. మా ఇంట్లో తమ్ముడు సిపాయిలను మోరీలో పారేస్తున్నాడని నా సామానంతా ఆమె ఇంటికి చేర్చాను. నేను పనిచేస్తుంటే పెద్దమ్మ పక్కన కూర్చుని మేక తోక వెంట్రుకలు చిక్కు తీసి ఇచ్చేది. మొదటి అధికారి తయారైన రోజు వాణ్ని అరచేతిలో పెట్టుకుని ఎగాదిగా చూసింది. "జుట్టు ఇరబోసుకొని లడాయికి పోతాండు. ఈనికి ఇంట్ల అడిగెటోళ్లు లేరా?" అంది. మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

బాపు కూడా ఒకసారి వచ్చి చూశాడు. ఒక సిపాయిని వేళ్ల మధ్య తిప్పి, చేతులు తెగకుండా చూసుకొమ్మన్నాడు. మస్తుగా చేశానని కూడా అన్నాడు. బాపు అట్లా అనడం అరుదు.

తెల్ల జుట్టుకూ నల్ల జుట్టుకూ ఇబ్బంది లేదు. ఎరుపే కుదరలేదు. రంగు డబ్బాలో ముంచితే వెంట్రుకలన్నీ ముద్దకట్టాయి. చివరికి పెద్దమ్మ దేవుని గూట్లోని కుంకుమ తీసి, పలచటి జిగురు నీళ్లలో కలిపి ముంచాను. ఆరాక వెంట్రుక వెంట్రుక విడివిడిగా, ఎర్రగా తేలింది. అట్లా చేసిన మొదటివాణ్ని బావకు పంపితే, ఆటలో నిలబెట్టి వీడియో తీసి పంపాడు.

ఆ వారంలోనే పుష్పక్క కొడుకుకు జ్వరం పట్టుకుంది. వాళ్ల ఇల్లు పెద్దమ్మ ఇంటికి ఎదురుగా ఉంటుంది. పిల్లవాడు రోజంతా పెద్దమ్మ వాకిట్లో మేకపిల్లల వెంట తిరిగేవాడు, ఆమె పోసిన పాలు తాగేవాడు. కేతేపల్లిలో చూపిస్తే తగ్గలేదు. నల్లగొండ దవాఖానలో రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. పుష్పక్క అక్కడే ఉండిపోయింది. బొప్పాయి ఆకు రసం తాపితే కణాలు పెరుగుతాయని ఎవరో చెప్పారట. ఆ వాడలో బొప్పాయి చెట్టు ఉన్నది పెద్దమ్మ పెరట్లోనే.

ఆ రోజు పొద్దున కాలేజీకి పోయే ముందు నేను ఎర్ర జుట్టు తలలను ఎండబెట్టాను. ఒక్కో తలను ఒక్కో గుండుసూదికి గుచ్చి, సూదులను మైనం ముద్దలో నిలబెట్టి, చాటలో పెట్టి పెరటి గోడ మీద ఉంచాను. తలలు లేని మొండేలు పక్కన వరసగా పడుకోబెట్టాను. పెద్దమ్మ మేకలను తోలుకుని పోయింది. పుష్పక్క అత్త గోవిందమ్మ బొప్పాయి ఆకుల కోసం పెరట్లోకి వచ్చి, గోడ మీది చాటను చూసింది.

ఆమె వచ్చిన సంగతి నాకు తర్వాత తెలిసింది. సాయంత్రం నకిరేకల్ నుంచి బస్సు దిగి వాడలోకి తిరిగేసరికి పెద్దమ్మ ఇంటి ముందు ఊరు సగం ఉంది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. జనం మధ్యలో నా చాట కనిపించింది. దాని చుట్టూ బూడిదతో గిరి గీశారు. తలలు అట్లాగే సూదుల మీద నిలబడి ఉన్నాయి. నేను చేసినవే, నాకే భయమేసింది.

గిరికి అవతల పెద్దమ్మ మట్టిలో కూర్చుని ఉంది. కొప్పు ఊడిపోయింది, పెదవి చిట్లింది. పుష్పక్క భర్త మల్లేశ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. కరెంటు పనికి వాడేది, ఎర్ర పిడిది. పండ్లు ఊడబీకితే మంత్రం పారదని, బాణామతి తిరిగిపోతదని వెనకాల ఎవరో మామూలుగా, కూర వండే తీరు చెప్పినట్టు చెబుతున్నారు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు తట్టు పోస్తే వేపమండలు తెచ్చిన బిక్షమ్మది.

"ఎవరు చేపిచ్చిండ్రు నీతోని? పేరు చెప్పు, ఇడ్సిపెడ్త" అన్నాడు మల్లేశ్. ఆయన ఏడుస్తున్నాడు.

పెద్దమ్మ తల ఎత్తింది. జనం సందులోంచి నన్ను చూసింది. చూసి చూపు మళ్లించుకుంది.

"ఎవ్వలు లేరు. నేనే చేసిన" అంది.

ఆమె నా పేరు చెబుతుందనే అనుకున్నాను. చెప్పాలని కోరుకున్నాను కూడా. ఆమె చెబితే నేను నోరు తెరవక్కర్లేదు. మల్లేశ్ ఎడమ చేత్తో ఆమె దవడ పట్టుకున్నాడు.

"అవి నావి" అన్నాను. ఎవరికీ వినిపించలేదు. మళ్లీ అన్నాను. ఈసారి ముందున్నవాళ్లు తిరిగి చూశారు. బొమ్మలు నేనే చేశాననీ, అవి ఆటకనీ, పెద్దమ్మకు ఏమీ తెలియదనీ చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తులేదు.

గోవిందమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "పోరికి గూడ నేర్పిందిరా" అంది.

జనం నా చుట్టూ వెనక్కి జరిగారు. నిజం చెబితే అయిపోతుందనుకున్నాను. ఇట్లా అవుతుందని నాకు తట్టలేదు. అప్పుడు ఎవరో నా రెక్క పట్టుకుని గట్టిగా గుంజారు. చూస్తే బాపు. కరెంటు స్తంభం పక్కనే ఉన్నాడట, మొదటి నుంచీ.

"దీనికేం తెల్వదు. పెద్దమ్మ మీద పాణం, అందుకే అంటాంది" అని జనానికి చెప్పాడు. నాతో మెల్లగా "ఇంట్లకు నడువు" అన్నాడు.

నేను బాపు ముఖం చూశాను. ఈ సిపాయిలను చేతిలో తిప్పి చూసిన మనిషి. రెక్క విడిపించుకున్నాను. బాపు చేతి నుంచి అట్లా విడిపించుకోవడం నా బతుకులో అదే మొదలు.

నా ఫోన్‌లో బావ పంపిన వీడియోలు ఉన్నాయి. తొందరలో రెండుసార్లు వేరేవి తెరుచుకున్నాయి. దొరికాక సౌండు పూర్తిగా పెంచి మల్లేశ్ ముఖం ముందు పట్టుకున్నాను. బనియన్లు వేసుకున్న పిలగాండ్లు బల్ల చుట్టూ వంగి ఉన్నారు. దుప్పటి గుట్ట మీద ఎర్ర జుట్టు అధికారి నిలబడి ఉన్నాడు. పాచిక దొర్లింది, ఎవరో ఓడిపోయి ఇంకొకణ్ని తిట్టాడు. అందులోంచి బావ గొంతు వినిపించింది. "మా మల్లిక చేసిన సిపాయిలురా, జర మెల్లగ ముట్టుర్రి."

మల్లేశ్ భుజం మీదుగా ఆటో నడిపే సతీశ్ తొంగి చూశాడు. "గీడు మన శివకృష్ణ గాదు?" అన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకొందరు వంగి చూశారు. బావ ఓడిపోయి నెత్తి కొట్టుకునే చోట ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. ఇంతకుముందు పండ్లు పీకమన్న వైపు నుంచే ఆ నవ్వు వచ్చింది.

"బొమ్మలైతె కుంకుమెందుకు?" అని గోవిందమ్మ అడిగింది.

రంగు కుదరలేదని చెప్పాను.

మల్లేశ్ చాట వైపు చూశాడు. ప్లేయర్‌ను అంగీ జేబులో పెట్టుకుని లేచాడు. దవాఖానకు పోవాలని, ఆలస్యమైందని సతీశ్‌తో అన్నాడు. ఇద్దరూ ఆటో ఎక్కి పోయారు. ఒక్కొక్కరే కదిలారు. పెద్దమ్మతో ఒక్కరూ మాట్లాడలేదు. గోవిందమ్మ పోతూ పోతూ గోడ మీద మరిచిపోయిన బొప్పాయి ఆకులు తీసుకుని పోయింది.

నేను పెద్దమ్మను లోపలికి తీసుకుపోయి ముఖం కడిగాను. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నాకేమున్నది బిడ్డా, ముసలిదాన్ని" అంది. అన్నం కలిపి పెడితే దవడ నొప్పికి నమలలేకపోయింది.

బాపు గడప బయట నిలబడి ఉన్నాడు. నేను బయటికి పోయాను.

"ఆ బొమ్మలు నావని నీకు ఎర్కనే గద బాపు?"

"ఎర్కనే."

"మరి?"

బాపు చెప్పుతో మట్టి గీశాడు. బూడిద గిరి సగం చెరిగింది.

"నీ పేరు ఒక్కసారి గసొంటి దాంట్ల పడ్డదంటె జిందగీల పోదు" అన్నాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "పండ్లే గద అనుకున్న" అన్నాడు.

బాపు చెడ్డవాడు కాదు. నేను సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకుని ఊరంతా ఉరికినవాడు. ఆ చేతులనే కట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. నా కోసమే నిలబడ్డాడు. లోపలికి వచ్చి తలుపు పెట్టుకుని పెద్దమ్మ పక్కన పడుకున్నాను.

పొద్దున లేచేసరికి బాపు మళ్లీ వచ్చి ఉన్నాడు. మేకల దొడ్డి తడిక నిన్న జనం తొక్కి విరిగింది, దాన్ని కడుతున్నాడు. "వదినె" అని పిలిచాడు. మళ్లీ తడిక తాడు బిగించడంలో పడ్డాడు.

పెద్దమ్మ పొయ్యి మీది చాయ్ దించింది. "మీ బాపుకు పొయ్యి" అని నాతో అంది.

నేను లేవలేదు. ఆమె ఇంకోసారి చెప్పింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆమే లేచి, గోడ పట్టుకుంటూ పోయి, గ్లాసు గడప అవతల పెట్టింది. వాచిన పెదవితో ఆమె ఏదో అంది, నాకు సరిగా వినిపించలేదు. బాపు చాయ్ తాగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తాగడం అయిపోయాక కూడా ఆయన అక్కడి నుంచి పోలేదు.