పదింతల మందు

ఆదివారం ఉదయం మైక్రోస్కోపులోకి చూసిన అరుంధతికి, శుక్రవారం దాకా నిక్షేపంగా ఉన్న కణాలన్నీ చచ్చి కనిపించాయి.

ఒక్క ప్లేటు కాదు, ఆరుకి ఆరూ. తెల్లారితే ప్రాజెక్టు సంగతి తేల్చే కమిటీ. క్యాన్సరు ఎదురుగా ఉన్నా కదలని రక్షణ కణాలు కొన్ని ఉంటాయి. ఒక ఎంజైమ్ వాటిలోని పోరాడే జన్యువులకు తాళం వేసేస్తుంది. ఆ ఎంజైమును మందుతో ఆపితే కణాలు లేచి క్యాన్సరు మీద పడతాయని ఆమె రెండుసార్లు చూపించింది. మూడోసారీ చూపిస్తే ప్రాజెక్టు ఆమెది. లేకపోతే మూత.

ఫోనులో సంగతి విని లాబ్ పెద్ద పార్థసారథి సార్ నవ్వారు. "వంటిల్లూ లాబూ రెండూ అంటే చెయ్యి తడబడుతుందమ్మా. అయినా ఆ మందు ఆ కణాల్ని చంపేస్తుందని మీ ఆయన మూడేళ్ళ క్రితమే తన పేపర్లో రాశాడుగా!"

ఆమె చెయ్యి తడబడలేదు. ఇంట్లో అత్తగారు నెయ్యి సీసా మీద పెన్సిల్ గీత పెడతారు. "నీమీద అనుమానం కాదమ్మాయ్, అలవాటు" అంటారు. ఆ గీతకు పదేళ్ళు సిగ్గుపడ్డ అరుంధతి, మందు సీసాకి గీత పెట్టడం మాత్రం అక్కడే నేర్చుకుంది. లాబ్ ఫ్రీజర్లోంచి సీసా తీసి చూస్తే మందు గీతకు బాగా కిందికి ఉంది. శుక్రవారం తను వాడిన దానికి తొమ్మిది రెట్లు పోయింది.

లాబ్ తాళంచెవి ఉండేది ఆమె హ్యాండ్‌బ్యాగులోనే. నిన్న సాయంత్రం ద్వారకలోని ఇంట్లో, అత్తగారి స్నేహితురాళ్ళకు ఆమె బజ్జీలు వేస్తుంటే, "ఫైలు మర్చిపోయా, ఇప్పుడే వస్తా" అని బయల్దేరాడు భర్త విష్ణువర్ధన్. అతని లాబ్ ఆమె లాబ్‌కి పై అంతస్తే.

గేటు దగ్గర గార్డు తనే అన్నాడు. "కల్ సాబ్ ఆయే థే దీదీ, ఆప్ కే లాబ్ మే. ఆప్ హీ నే భేజా నా?" నిన్న సారు వచ్చింది ఆమె లాబ్‌కేనట, ఆమే పంపిందనుకున్నాడట.

మెట్రోలో కూర్చుని, పొద్దున తీసిన ప్లేటు ఫొటో ఫోనులో తెరిచింది. ముడుచుకుపోయి, అంచున బుడగలు తేలిన ఆ కణాల్ని ఇదివరకే ఎక్కడ చూసింది? హాల్లో గోడ మీద, ఫ్రేములో. భర్త పేపరు మొదటి పేజీలో. "మావాడి పేరు ఫారిన్ పత్రికలో పడింది. కోడలూ అదే చదువు, మావాడికి సాయంగా ఉంటుందని" అంటూ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించే ఫొటో అది.

అరుంధతి ఇంటికొస్తూనే ఫ్రేము గోడ మీంచి దించి, భోజనాల బల్ల మీద తన ప్లేటు ఫొటో పక్కన పెట్టింది. పదింతల మందుకు చచ్చిన తన కణాలూ, అతని కణాలూ ఒక్కలాగే ఉన్నాయి.

"అమ్మాయ్, కుక్కరెక్కించలేదేం?" లోపల్నుంచి అత్తగారు.

"ఇవాళ ఎక్కించనత్తయ్యా." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీ పేపర్లో మందు ఎంత వాడారు?"

"రాసుందిగా."

"రాసింది కాదండీ. పోసింది."

అతను చేతిలోని న్యూస్‌పేపరు మడిచాడు, విప్పాడు.

"రేపు కమిటీ ముందు ఈ రెండు ఫొటోలూ పెడుతున్నా," అందామె. "అక్కడ వినే బదులు ఇప్పుడే వింటాను, చెప్పండి."

విష్ణువర్ధన్ చెయ్యి చాపి ఫ్రేమును బోర్లా పెట్టాడు.

"పదింతలు పోశాను," అన్నాడు చివరికి. "మందు పలచన చేసేటప్పుడు ఒక మెట్టు మర్చిపోయాను. పొరపాటే. అచ్చయిన ఏడాదికి తెలిసింది. నీకు రెండోసారి కూడా కణాలు లేచేసరికి నాకు ముద్ద దిగలేదు అరూ. నిన్న నీ బ్యాగులో తాళంచెవి తీసింది నేనే, నీ ప్లేట్లలో పోసిందీ నేనే. నేను తప్పు చేశానని అందరికీ తెలియడం కంటే, నీకు పని రాదని అందరూ అనుకోవడం తేలికనిపించింది. ఆ మాటకైతే ఎవరూ రుజువు అడగరు."