మెడ మీద నలుపు

బట్టలు కుట్టి బతికే ఆ తల్లి, పదేళ్ల కూతురి మెడను రోజూ పీచుతో రుద్దేది. మెడ వెనక నల్లటి చార ఎంతకీ పోయేది కాదు.

"ఇంత మురికేంటే, సరిగ్గా స్నానం చెయ్యవా?" అని విసుక్కునేది. పిల్ల పళ్లు బిగించి ఓర్చుకునేది.

ఒకరోజు బడిలో పిల్లల బరువు చూడటానికి వచ్చిన నర్సు ఆ మెడ చూసి తల్లిని పిలిపించింది.

"ఇది మురికి కాదమ్మా. బరువు పెరిగిన పిల్లలకి షుగర్ వచ్చే ముందు ఇలా నల్లబడుతుంది ఒక్కోసారి. రక్తపరీక్ష చేయించండి."

తల్లి కూతురి బొద్దు బుగ్గల వైపు చూసింది. పెద్దకూతురు ఎముకల గూడై, మూడేళ్లకే ఆమె చేతుల్లో పోయింది. అందుకే చిన్నదాని గౌను ఏటా వెడల్పు చేస్తూ మురిసిపోయేది. చాలన్నా ఇంకో ముద్ద పెట్టేది, ఏడిస్తే బిస్కెట్లు కొనిచ్చేది.

మర్నాడు ఆస్పత్రిలో సూది గుచ్చుతుంటే పిల్ల అడిగింది. "అమ్మా, నేనూ అక్కలాగే పోతానా?"

"నోర్ముయ్, అవేం మాటలే!" అంది తల్లి.

సాయంత్రం డాక్టరు కాగితం చూసి, "ఇంకా షుగర్ రాలేదు గానీ అంచు మీదుంది. తిండి మార్చండి, బాగా ఆడనివ్వండి. మూడు నెలలకి మళ్లీ చూద్దాం" అన్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డించబోయిన తల్లి చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. ఎంత పెడితే ఎక్కువో, ఎంత పెడితే తక్కువో తెలియలేదు. తినమంటుందో వద్దంటుందోనని పిల్ల బెదురుగా ఆమె మొహంలోకే చూస్తోంది.