స్క్రూ లేని రంపం

కొత్త మోటారు రంపం తడబడినప్పుడల్లా మెకానిక్ కంగారుగా దాన్ని ఆపేస్తున్నాడు. పాత కార్బురేటర్ అయితే చప్పుడు వింటూ స్క్రూ పావు చుట్టు తిప్పి, చెవితోనే సరిచేసేవాడు. దీనికి స్క్రూయే లేదు. కోస్తూ ఉంటే లోపలి కంప్యూటరే సర్దుకోవాలి.

“నువ్విలా ఆపుతుంటే అదెప్పుడు నేర్చుకుంటుంది బావా? మళ్లీ ఆపావంటే కంపెనీ షాపుకే తీసుకుపోతా,” అన్నాడు చెట్లు కొట్టే బావమరిది.

అక్కడికి పోయిన ఖాతాదారులెవరూ మళ్లీ మెకానిక్ దగ్గరికి తిరిగి రాలేదు. అతను స్క్రూడ్రైవరుతో సహా చెయ్యి జేబులో దాచుకున్నాడు. బావమరిది దుంగ కోయసాగాడు. రంపం దగ్గింది, గునిసింది. నాలుగైదు కోతల తర్వాత దాని గొంతు సాఫీ అయింది, సరిగ్గా మెకానిక్ స్క్రూ తిప్పి నిలిపే శ్రుతిలోనే.

“చూశావా, నీ చెయ్యి పడకపోయేసరికి ఎంత బుద్ధిగా ఉందో!”

మెకానిక్ నవ్వాడు. జేబులో అతని మణికట్టు ఇంకా పావు చుట్టు తిరుగుతూనే ఉంది.