ఊపిరి తగిలిన అద్దం

టెలిస్కోపుకి మనిషి ఊపిరి పడదు. మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీల చలిలో, కన్ను పెట్టే అద్దం మీద ఒక్కసారి ఊపిరి తగిలితే చాలు, తెల్లగా మంచు పట్టేస్తుంది. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టాల్సిందే. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన (తైస్తో ఆయన పేరు) నాకు నేర్పిన మొదటి పాఠం అది.

ఇప్పుడు ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. "చలిగాలి తగలనివ్వకు పిన్నీ, ప్రాణం మీదికొస్తుంది" అని నర్సు సైలా మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆమె కారు మలుపు తిరిగిందో లేదో, ఈయన మొదలుపెట్టాడు.

"ఏమే హెల్వీ, శనిగ్రహం పైకొచ్చుంటుంది. ఒక్కసారి చూపించవే."

"నోర్మూసుకుని పడుకో. చలికి చస్తావు."

"చలికి చావకపోతే నూరేళ్ళు బతికేస్తానా ఏంటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే లేచి టెలిస్కోపు మోసుకెళ్ళి, బయటి చలికి సర్దుకోవాలని గడ్డకట్టిన సరస్సు మీద నిలబెట్టి వచ్చాను. ఉత్తర ధ్రువానికి దగ్గర కదా, డిసెంబరులో మాకు మధ్యాహ్నమే చీకటిపడి చుక్కలు పొడుస్తాయి. ఆయన్ని రెయిన్‌డీరు తోళ్ళలో చుట్టి, మంచు మీద జారే బండిలో కూర్చోబెట్టి, వెనక నిలబడి ఒక కాలితో మంచుని తన్నుకుంటూ తోశాను. దేవుడా, మనిషి టెలిస్కోపు కంటే తేలిగ్గా ఉన్నాడు!

గ్రహాన్ని వెతికి పట్టుకుని, "ఊఁ, చూడు" అన్నాను.

వంగి ఊపిరి బిగబట్టాడు. అంతలోనే దగ్గు తన్నుకొచ్చింది. అద్దం తెల్లబడిపోయింది.

నా చొక్కా లోపల వెచ్చగా దాచిన రెండో అద్దం తీసి బిగించాను. ఈసారి ఆయన నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను. మళ్ళీ దగ్గాడు. నా వేళ్ళ సందుల్లోంచి ఆవిరి పోతూనే ఉంది.

"కనపడిందే," అన్నాడు కాసేపటికి. "ఎంత బాగుందో!"

ఆయన వెనక్కి వాలాక నేను కన్ను పెట్టాను. అద్దం నిండా మంచే. గ్రహమూ లేదు, చుక్కా లేదు. నా గుండె చెరువైపోయింది.

"నీకూ కనపడిందా?" అన్నాడు.

"ఎందుకు కనపడదు? కళ్ళు నీ ఒక్కడికే ఉన్నాయా?"

"అయితే ఎలా ఉందో చెప్పు."

ఇన్నేళ్ళూ ఇదే సరస్సు మీద ఆయన పిలిచి పిలిచి చూపించిందంతా గుర్తు తెచ్చుకున్నాను.

"చిన్నగా ఉంది. తేనె రంగు. ఉంగరం కాస్త పక్కకి వాలింది. పక్కనే చిన్న చుక్కొకటి, దాని చంద్రుడేమో."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అవును, అదే. ఇప్పుడు కనపడింది," అన్నాడు.

నేను బండిని ఇంటివైపు తిప్పాను. దారంతా ఏడుస్తూనే తోశాను. తోసేవాళ్ళు వెనక ఉంటారు కదా, ఆయనకు కనపడలేదు.