ఊరికి అడ్డం పెట్టిన బండి

నేను ఒక ఎడ్లబండిని. ఎడ్లను అమ్మేసి పద్నాలుగేళ్ళు దాటింది, అయినా బండినే. పళ్ళన్నీ ఊడిపోతే మనిషి మనిషి కాకుండా పోతాడా? రేగడిగుట్ట ఊరి మొదట్లో, రోడ్డు పక్కన, ఒకవైపుకు ఒరిగి ఉంటాను. ఒక చక్రం నాకే ఉంది, రెండోదాన్ని నా పక్కనే పడుకోబెట్టారు. దారినపోయేవాళ్ళు చూసి "అయ్యో, విరిగిపోయింది పాపం" అంటారు. విరగలేదమ్మా! నన్ను కావాలనే ఒరగబెట్టారు. ఎందుకో చెప్తాను, కూర్చోండి. చెప్పకపోతే నా కడుపులో మంట చల్లారదు.

ముందుది ముందు చెప్పనివ్వండి. నన్ను చేసినాయన మా ఊరి వడ్రంగి, వడ్ల నర్సోజి. నల్లతుమ్మ మొద్దు తెచ్చి రెండు వానాకాలాలు నాననిచ్చి, ఎండనిచ్చి, అప్పుడు ముట్టుకున్నాడు ఉలిని. చక్రానికి ఇనుప పట్టీ ఎర్రగా కాల్చి తొడిగి, చుట్టూ నీళ్ళు పోసిన రోజు నాకింకా గుర్తే. చుంయ్యిమని పొగ లేచి, నా కీళ్ళన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. అన్నిటికంటే చివర ఇరుసు కొనకు సీల దించాడు. సీలంటే మరేం కాదు, బెత్తెడు ఇనుప ముక్క. అది ఉంటేనే చక్రం ఇరుసును పట్టుకుని ఉంటుంది, లేకపోతే తన దారి తను చూసుకుంటుంది. "ఇంత పెద్ద బండీ ఈ ముక్క చేతిలున్నది, జాగ్రత్త" అన్నాడు నర్సోజి, పక్కన నిలబడి చూస్తున్న మొగులయ్యతో. అప్పటికి మొగులయ్యకు మీసాలు కూడా రాలేదు. నన్ను చేయించింది వాళ్ళ నాయిన.

నా మీద ఏం పోలేదని! జొన్న కంకులు, పెంట, పెళ్ళివాళ్ళు, బడికి కొత్త బెంచీలు, ఒకసారి నాటకంవాళ్ళ పెట్టెలు. మొగులయ్య భార్య శివమ్మకు నొప్పులొచ్చిన రోజు నామీదే గడ్డి పరిచి, దుప్పటి వేసి, దవాఖానకు బయలుదేరారు. ఊరి పొలిమేర దాటకముందే, ఇదిగో ఇప్పుడు నేను ఒరిగి ఉన్నచోటికి నాలుగు బారల దూరంలో, బిడ్డ బయటపడింది. మొగులయ్య ఎడ్లను ఆపేసి, ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తెలియక నడిరోడ్డు మీద ఏడ్చాడు. ఆ పిల్ల పేరు బాలమణి. నా పలకల మీద పుట్టిన ఒకే ఒక్క మనిషి. ఆ పిల్లకు నేను అమ్మమ్మ వరస అనుకుంటాను. ఎవరూ కలపలేదు ఆ వరస, నేనే కలుపుకున్నాను.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు పోయాయి. నేను మొగులయ్య ఇంటి పక్కన కోళ్ళకు నీడనయ్యాను. అప్పుడే ఊరి వెనక గుట్ట మీది భూములు పట్నంవాళ్ళు కొన్నారు. ఆరు ఇళ్ళు లేచాయి. ఏడాదికి పది రోజులు ఉండే ఇంటికి మూడేసి స్నానాల గదులు! మిగతా రోజులంతా లోపల దీపాలు వెలుగుతుంటాయి, ఎవరికోసమో ఆ దీపాలకే తెలియాలి. వాటిని వాళ్ళు ఫామ్‌హౌసులన్నారు. మా ఊరి నోట్లో పడి అది "ఫారం" అయింది. ఊరి ఆ చివర నారాగౌడు కోళ్ళ ఫారం అప్పటికే ఉంది. అదీ ఫారమే, ఇదీ ఫారమే. ఏ ఫారమని ఎవరైనా అడిగితే, "వాసనొస్తే నారాగౌడుది, కుక్క మొరిగితే పట్నపోళ్ళది" అని చెప్పేవాళ్ళు. నవ్వుకునేవాళ్ళం. ఆ మాటే మా కొంప ముంచుతుందని ఎవరికి తెలుసు?

కరోనా వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. సర్పంచ్ అంజిలమ్మ పంచాయతీ గద్దె మీద నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని చెప్పింది: "బయటోళ్ళను ఊర్లకు రానియ్యద్దు. మనోళ్ళే అచ్చినా సరే, పద్నాలుగు దినాలు బడిల ఉండాలె. పెద్దా చిన్నా ఏం లేదు, అందరికి ఒక్కటే." అందరూ తలలూపారు. రోడ్డుకు అడ్డం ఏం పెడదామంటే, మొగులయ్యే అన్నాడు, "నా బండి ఊకెనే ఉన్నది కద."

నన్నట! బతుకంతా మనుషులను ఒకచోటి నుంచి ఒకచోటికి చేర్చిన దాన్ని, మనుషులను ఆపడానికి! నొగలు పట్టి నలుగురు లాక్కొచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబెట్టారు. సిగ్గుతో చచ్చాను. సరే, ఊరి ప్రాణం కోసం కదా అని ఓర్చుకున్నాను.

మండలం నుంచి ఒక కాగితం వచ్చింది. పాల బండ్లు, మందుల బండ్లు, ఫారం బండ్లు వదలాలని. కోళ్ళకు దాణా రావాలి కదా, అందుకని. కాపలా మొగులయ్యదీ, ఇంకో ఇద్దరిదీ. మొదటిరోజే నల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. "ఎక్కడికి సారూ?" "ఫామ్‌కి." మొగులయ్య కోళ్ళ డాక్టరనుకున్నాడు. నన్ను పక్కకు లాగారు. కారు పోయింది. మర్నాడు ఇంకో రెండు. కారు నిండా పరుపులు, కుక్కర్లు, ఒకదాంట్లో సైకిలు. "ఎక్కడికి?" "ఫామ్." ఆ ఒక్క మాటకు నేను తలుపులా తెరుచుకున్నాను! వారంలో ఏడు కార్లు. మొగులయ్యకు అనుమానం వచ్చింది, "నారాగౌడా, నీ కోళ్ళకు ఇంతమంది డాక్టర్లా?" అని అడిగితే, నారాగౌడు తెల్లమొహం వేశాడు. ఈలోపు గుట్ట మీద పాటలు వినిపించాయి. కిరాణా దుకాణం అనసూయ దగ్గర గుడ్లు, పాలపొడి, సబ్బులు రెండు రోజుల్లో అయిపోయాయి.

తర్వాత వచ్చిన కారును వదలకుండా ఆపారు. దాంట్లో శశిధర్ సారు. మంచి మాటకారి, నవ్వు మొహం. మొగులయ్య చేతులు కట్టుకునే అడిగాడు, "ఫారమంటే కోళ్ళ ఫారం గద సారూ?"

"కాగితంలో కోళ్ళు అని ఎక్కడుందండీ? మాదీ ఫామే కదా."

కాగితం తిప్పి తిప్పి చూశారు. నిజమే, కోళ్ళన్న మాటే లేదు.

"అయితే గుడ్లు పెట్టుండ్రి సారూ," అంది అనసూయ వెనకనుంచి. "నా దుకాణంల ఒక్కటి లేకుంట కొనుక్కపోయిండ్రు."

సారు కూడా నవ్వాడు. "మేమూ ఈ ఊరివాళ్ళమేనమ్మా. ఇంటి పన్ను ఇక్కడే కడుతున్నాం."

"ఊరోళ్ళయితే బడిల పండుండ్రి పద్నాలుగు దినాలు."

"సొంత ఇల్లుండగా బడిలో ఎందుకమ్మా?"

విన్నారా? ఊళ్ళోకి రావడానికి ఊరివాళ్ళు. బడి అనేసరికి ఫారంవాళ్ళు. చదువుకున్నవాళ్ళు నవ్వుతూ మాట్లాడితే మావాళ్ళకు జవాబు మర్నాటికి గానీ తోచదు. నన్ను పక్కకు లాగారు.

ఆ తర్వాత రెండోరోజు పొద్దెక్కాక, ఎండ కళ్ళలో పొడుస్తుండగా, రోడ్డు మీద ఒక ఆడమనిషి కుంటుకుంటూ వచ్చింది. నెత్తిన మూట, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంది. బాలమణి! మొగుడు పోయాక నాలుగేళ్ళ బిడ్డ లాస్యను తల్లిదండ్రుల దగ్గర వదిలి, పట్నంలో ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసేది. హాస్టల్ మూసేశారు. రెండు రోజులు నడిచింది.

"నాయినా," అని ఒక్క మాట అంది.

మొగులయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు. లాస్య ఎక్కడినుంచి చూసిందో, "అమ్మొచ్చింది" అని ఉరుక్కుంటూ వచ్చింది. శివమ్మ వెనకనుంచి రెక్క పట్టుకుని ఆపింది. ఆ పిల్ల నా చక్రంలోని కర్ర ఆకుల సందులోంచి తల్లిని చూస్తూ గింజుకుంది.

"బడిల ఉంట నాయినా. నాకు దెలుసు. నేనేం ఎదురుచెప్పుత లేను," అంది బాలమణి.

అంజిలమ్మ తల దించుకుంది. "బడి గదులల్ల రేషన్ బియ్యం దించిండ్రు బిడ్డా. జాగ లేదు. తీసేదాక..."

"తీసేదాక నేనేడుండాలె?"

గుట్ట మీద ఆరు ఇళ్ళు, పద్దెనిమిది స్నానాల గదులు. కింద, ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకు నిలబడే నీడ లేదు! బాలమణి అటూ ఇటూ చూసి, నావైపు చూసింది. మూట దించి, వంగి, నా కింద కూర్చుంది. నా మీద పుట్టిన పిల్ల, నాతోనే అడ్డం పెట్టించుకుని, నా కిందే తలదాచుకుంది. చక్రాలకు నోరుంటే ఆరోజు నేను ఏడ్చిన ఏడుపుకు గుట్ట మీది పాటలు ఆగిపోయేవి.

మొగులయ్య ఊరివైపు నాలుగు బారల దూరంలో ముగ్గుపిండితో గీత గీశాడు, మనవరాలు దాటకూడదని. శివమ్మ అన్నం గిన్నె ఆ గీత దగ్గర పెట్టి వెనక్కి పోయేది, అప్పుడు బాలమణి వచ్చి తీసుకునేది. లాస్య గీతకు అటు కూర్చుని, తల్లి తింటుంటే ముద్ద ముద్దకూ లెక్కపెట్టేది, "ఇంకొక్కటి తినే" అని.

అదైనా ప్రశాంతంగా సాగనిచ్చారా? ఫారం కారు వచ్చినా పోయినా నన్ను జరపాలి. నన్ను జరపాలంటే బాలమణి లేవాలి. మూట, నీళ్ళ సీసా, గిన్నె ఎత్తుకుని ఎండలో పక్కకు నిలబడాలి. కారు పోయాక, దుమ్ము దులుపుకుని మళ్ళీ నా కిందకు రావాలి. మొదటిసారి లేచింది. రెండోసారీ లేచింది. ఆ రెండో కారులో ఒకావిడ అద్దం ఇంత దించి, ఒళ్ళో కుక్కను నిమురుతూ, "లాక్‌డౌన్ కదమ్మా, ఇలా బయట కూర్చోకూడదు. ఎవరింట్లో వాళ్ళు ఉండాలి," అని బుద్ధి చెప్పి, అద్దం ఎత్తేసి, తన రెండో ఇంటికి పోయింది. ఇంతకాలం రాళ్ళ దారుల్లో తిరిగాను గానీ, అంత కుదుపు నేనెప్పుడూ తినలేదు.

ఆరో రోజు మళ్ళీ శశిధర్ సారే. పట్నం ఇంట్లో ఏదో మరిచిపోయాడట, పోయి తెచ్చుకున్నాడు. ఏమిటయ్యా అంటే, కాఫీ గింజలు పొడి చేసే మిషను! హారన్ కొట్టాడు. మొగులయ్య నా నొగ పట్టుకుని వంగి చూశాడు.

"లే బిడ్డా."

"లెవ్వను నాయినా."

సారు మళ్ళీ హారన్ కొట్టాడు. "కొంచెం ఆమెను లేపండి. ఎండగా ఉంది."

"ఎండ ఉన్నదని నాకెరుకే సారూ," అంది బాలమణి నా కిందనుంచే. "నేను ఆరు దినాలసంది ఈడనే ఉన్న. మీరు పట్నంకెల్లి అచ్చుడు ఇది రెండోపారట. మీరు ఒక్క దినం బడిల ఉండుండ్రి, నేను ఇరవైసార్లు లేస్త."

గీతకు అవతల లాస్య గట్టిగా అరిచింది, "అమ్మా, లెవ్వకూ!"

మొగులయ్య నొగ వదిలేశాడు. జవాబు మర్నాటికి గానీ తోచదన్నాను కదా, ఆరోజు అక్కడికక్కడే తోచింది. "బిడ్డా, కారు కోసం కాదు, నా కోసం జర పక్కకు జరుగు," అన్నాడు మెల్లగా. తండ్రి అడిగాడని బాలమణి ఇవతలికి వచ్చింది. మొగులయ్య ఒక రాయి అందుకున్నాడు. పద్నాలుగేళ్ళ తుప్పు పట్టిన సీల మీద ఒక్కటి, రెండు, మూడు దెబ్బలు. నర్సోజి దించిన సీల ఊడి దుమ్ములో పడింది. భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. చక్రం జారి పక్కకు ఒరిగింది. నేను రోడ్డుకు అడ్డంగా, ఇరుసు నేలకు తగిలేట్టు మోకాలి మీద కూర్చున్నాను.

"సీల పోయింది సారూ. బండి కదలదు."

"నా కళ్ళముందే నువ్వే తీశావు కదయ్యా!"

"నేను దీసిన్నా? అనసూయా, నేను దీసిన్నా?"

"నేనేం జూడలే మామా. నా మూతికి గుడ్డ కట్టుకున్న," అంది అనసూయ.

సారు మొహంలో నవ్వు మొదటిసారి పోయింది. పెద్దవాళ్ళతో మాట్లాడతానన్నాడు. "మాట్లాడుండ్రి సారూ. వాళ్ళు అచ్చేదాక గీ రోడ్డు పక్కన కూసోండ్రి. నా బిడ్డ కూసున్నది గద," అన్నాడు మొగులయ్య. చేతులు కట్టుకోకుండా అన్నాడు! సారు కారు వెనక్కి తిప్పుకున్నాడు.

మర్నాడు మండలం నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను చూశాడు, బాలమణి కాళ్ళు చూశాడు, కాగితం అడిగి తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి "ఫారం" ముందు "కోళ్ళ" అని రాసి, సంతకం పెట్టి పోయాడు. అంతే! ఆ రెండక్షరాలు మొదటిరోజే రాసి ఉంటే నా బిడ్డ ఎండలో లేచి నిలబడేది కాదు కదా. గుట్ట మీద ఉన్నవాళ్ళకు గేటు దాటొద్దని కబురు పోయింది. అంబులెన్సు వస్తే పదిమందీ నన్ను ఎత్తి పక్కన పెట్టాలని మాట అనుకున్నారు. దాణా బస్తాలు మాత్రం భుజాల మీద మోసుకుపోయారు.

బడిలో బియ్యం తీశారు. అంజిలమ్మ వచ్చి, "రా బిడ్డా" అని పిలిచింది. బాలమణి పోలేదు. "ఆరు దినాలు లేని జాగ ఇప్పుడు నాకెందుకు సర్పంచమ్మా? మిగిలినయి గూడ ఈ బండి కిందనే." ఒరిగిన నా మీద పరదా కట్టారు. వంగిన వీపు కింద ఆ పిల్లను ఎనిమిది రోజులు దాచుకున్నాను. పదిహేనో రోజు శివమ్మ పసుపునీళ్ళు తెచ్చి కూతురి కాళ్ళ మీద పోసింది. ఆ నీళ్ళు పారి ముగ్గు గీతను తుడిచేశాయి. ఇంక లాస్యను ఎవరు ఆపుతారు?

దారులు తెరిచాక నన్ను ఒరిగినదాన్ని ఒరిగినట్టే ఎత్తి రోడ్డు పక్కన పెట్టారు. పై ఏడు శశిధర్ సారు మళ్ళీ వచ్చాడు, నవ్వు మొహంతోనే. ఈసారి నాకోసం. పాతకాలపు బండి కదా, రంగులు వేయించి, నా మీద పూలకుండీలు పెట్టి, ఇంటి ముందు పచ్చగడ్డిలో నిలబెడతాడట. చుట్టాలు వచ్చి ఫోటోలు దిగుతారట. మొగులయ్య కూతురివైపు చూశాడు. బాలమణి ఇప్పుడు ఊళ్ళోనే బడి పిల్లలకు వండుతుంది. బొడ్లోంచి తాళంచేతుల గుత్తి తీసింది. ఆ గుత్తికే వేలాడుతోంది, ఆరోజు దుమ్ములోంచి ఏరి దాచుకున్న నా సీల, తుప్పంతా పోయి, చేతి రాపిడికి నున్నగా మెరుస్తూ.

"బండిని ఏడికి తీస్కపోతరు సారూ?"

"ఇంకెక్కడికమ్మా, మా ఫామ్‌కే."

బాలమణి గుత్తిని మళ్ళీ బొడ్లో దోపుకుంది.

"ఫారంకైతే కదలదు సారూ."

నేను కదల్లేదు.