మాట్లాడే కంప్యూటర్ల గది

తుడిచిన గదినే మళ్లీ తుడుస్తున్నాడు యాకూబ్. మోకాళ్ల నొప్పుల మనిషి, వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. అయినా ఇవాళ చీపురు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. లైబ్రరీ వెనక ఉన్న ఆ గదిలో మొన్నటిదాకా విరిగిన బల్లలుండేవి. తనే మోసి బయట పడేశాడు, గోడలకు సున్నం వేశాడు. చూపులేని పిల్లలు తడుముకుంటూ వస్తారని తలుపు నుంచి కొత్త బల్లల దాకా నులకతాడు కట్టాడు. అది ఎవరూ చెప్పిన పని కాదు, ఆయన బుర్రలో పుట్టిందే.

మానుకోటలోని ఆ డిగ్రీ కాలేజీలో యాకూబ్ ముప్పై ఒక్క ఏళ్లుగా అటెండర్. గంట కొట్టడం, బీరువాలు దులపడం, సార్లకు చాయ్ తేవడం. ఇంకో ఐదు నెలల్లో రిటైర్మెంట్. ఇన్నేళ్లలో చెప్పుకోదగ్గది ఏమైనా చేశాడా అంటే ఒక్కటే చేశాడు, ఊర్మిళకు పాఠాలు చదివి వినిపించాడు.

ఊర్మిళది నర్సింహులపేట దగ్గరి తండా. పుట్టుకతోనే చూపులేదు. బి.ఏ. ఆఖరి సంవత్సరం. యాకూబ్ చదివింది ఏడో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పరీక్షలో పక్కన కూర్చుని రాసేవాళ్లకు ఆ పిల్ల అన్నీ చెప్పాలి కదా అని, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదివేస్తాడు.

"కామాలు నేను పెట్టుకుంట గని, నువ్వు జర ముంగటికి పో కాకా" అని ఆమె పడీపడీ నవ్వేది.

గంటకూ గంటకూ మధ్య దొరికే తీరిక ఎంత? రోజుకు అరగంట. అందుకే పోయినసారి రెండు పేపర్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు బంద్ అని ఆమె అన్నయ్య భద్రు తేల్చి చెప్పేశాడు. సప్లిమెంటరీ పరీక్షలు నెలన్నరలోకి వచ్చాయి.

సరిగ్గా అలాంటప్పుడే పుస్తకం పెడితే చదివి వినిపించే కంప్యూటర్లు వచ్చాయి. చూపులేని విద్యార్థుల కోసమే నిధులు మంజూరయ్యాయి. అర్జీ రాసి, హైదరాబాద్ చుట్టూ తిరిగి సాధించింది లెక్చరర్ సురేందర్ సార్. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. కాలేజీ గేటు ముందే దీక్షా శిబిరం. "మన నిధులు ఎత్తుకపోయిండ్రు, మన పిల్లల నోట్ల మన్ను కొట్టిండ్రు" అని సార్ మైకులో అంటుంటే యాకూబ్‌కు కళ్లు తడిసేవి. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నానని ఛాతీ ఉప్పొంగేది. పిచ్చి మారాజు!

డబ్బాలు దిగిన రోజు సార్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"కంప్యూటర్ల మీద నేర్చుకుంటున్న అని అమ్మాయి వేలిముద్ర కావాలె యాకూబ్ భాయ్. గిది లేకుంటే ఫైలు కదలదు."

ఊర్మిళ బొటనవేలు పట్టుకుని, సిరా అద్ది, సార్ చూపిన చోట పెట్టించింది యాకూబే. "కంప్యూటర్లు ఇంకా ముట్టుకోనన్న ముట్టుకోలే గద కాకా?" అని ఆ పిల్ల అడగనే అడిగింది. "సార్ మనోడు బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత శిబిరం జెండాలూ బ్యానర్లూ దాచుకోవాలని సార్ అడిగితే స్టోర్‌రూమ్ రెండో తాళంచెవి కూడా ఇచ్చాడు.

ఇవాళ గది మొదలుపెడదామని సార్ అన్నాడు కాబట్టి, తుడవడం ముగించి స్టోర్‌రూమ్ తెరిచాడు. మొదటి డబ్బా బరువుంటుందని నడుం బిగించి ఎత్తితే అది తేలిగ్గా పైకి లేచి, ఆయనే వెనక్కి తూలాడు. రెండోదీ అంతే. అన్నీ అంతే. లోపల థర్మాకోల్ ముక్కలు తప్ప ఏమీ లేవు.

శిబిరానికి ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. సార్ దండ మెడలోంచి తీసి పక్కకొచ్చాడు.

"అరె, ఎందుకు పరేషాన్ అయితవ్ భాయ్? జనగామల మన కోచింగ్ సెంటర్ల ఉన్నయి. వందమంది పిల్లలు గ్రూప్స్‌కు చదువుతుండ్రు. ఒక్క పిల్ల కోసం అన్ని మిషన్లా? ఇయ్యాల అధికారులు వస్తున్నరు, డబ్బాలు బల్లల మీద పేర్చి పెట్టు. తెలంగాణ రానీ, కొత్తయి తెప్పిద్దాం."

"అవి ఆ పిల్ల పేరు మీద వచ్చినయి సార్."

"అవ్, అందినయని వేలిముద్ర కూడ ఉన్నది. నువ్వే పెట్టించినవ్ గద."

ఆ మాట సార్ నవ్వుతూనే అన్నాడు. భుజం కూడా తట్టాడు. మైకులో ఎవరో పేరు పిలిస్తే జై కొడుతూ వెళ్లిపోయాడు. నమ్మించి గొంతు కోయడం అంటే ఇదేనా అని యాకూబ్ ఎండలో నిలబడిపోయాడు.

వెనక్కి వచ్చేసరికి ఊర్మిళ గదిలో ఉంది. కొత్త ఓణీ వేసుకుంది.

"కాకా, నేను యేడ కూసోవాలె?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంకో వారం పడుతుంది బిడ్డా అనొచ్చు. నోరు రాలేదు.

"డబ్బాలు ఖాళీ బిడ్డా. సార్ ఎత్తుకపోయిండు."

ఆమె బొటనవేలిని ఓణీ కొంగుతో రుద్దుకుంటూ కూర్చుంది.

"ముద్ర ఏపిచ్చినప్పుడు నీ చెయ్యి వణకలే కాకా. గందుకే ఏసిన."

"నాకు తెల్వది బిడ్డా, అల్లా మీద ఒట్టు! సెలవు పెడత. పొద్దంత కూసోని చదువుత."

"ఇగ నువ్వు చదవకు."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా, నీళ్లు వద్దన్నట్టు అంది. బయట భద్రు మోటార్ సైకిల్ ఆపి ఉంచాడు. ఆమె వెనక కూర్చుంది, బండి తండా దారి పట్టింది.

అధికారులు వచ్చారు, డబ్బాలు చూశారు, చాయ్ తాగారు. పేర్చింది యాకూబే. చాయ్ ఇచ్చిందీ యాకూబే. ఊర్మిళ మర్నాడు రాలేదు. పరీక్షలకూ రాలేదు.

అధికారులు వచ్చిన రోజు సాయంత్రమే గది మూయబోతూ, ఆమె కూర్చున్న బల్ల కింద అద్దాలు కుట్టిన గుడ్డమూట ఒకటి చూశాడు. గది తెరిచిన రోజని ఆయన కోసం తెచ్చి ఉంటుంది. విప్పితే ఆరు సీతాఫలాలు, పండడానికి ఇంకా రెండు రోజులు పట్టేలా ఉన్నాయి.